కుర్చీ జరపండి, మౌస్ జోలికి పోకండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఒకే గొడవ: కంప్యూటర్ తుపాకీ ఆటల్లో తెర మారితే గురి తప్పుతోంది. అందుకని ప్రింటర్లు, వైఫై, వేడెక్కే ఫోన్లు అన్నీ పక్కన పెట్టేశాను. ఆ ప్రశ్నలు పంపినవాళ్లు వచ్చే వారం దాకా ఓపిక పట్టాలి.

సార్, నేను ఇంజినీరింగ్ చదువుతున్నాను. హాస్టల్లో 15.6 అంగుళాల ల్యాప్‌టాప్ మీద వాలరెంట్ ఆడతాను. మౌస్ 800 డీపీఐ, సెన్స్ (మౌస్ జరిగితే ఆట ఎంత తిరగాలో చెప్పే సెట్టింగు) 0.4. శని, ఆదివారాలు గుంటూరు వెళ్తే ఇంట్లో అన్నయ్య 24 అంగుళాల మానిటర్ ఉంటుంది. దాని మీద మౌస్ మరీ పరుగెడుతున్నట్టు అనిపించి 0.3 చేశాను. మా టీమ్ ప్రాక్టీసు విజయవాడలో ఒక గేమింగ్ కేఫ్‌లో. అక్కడ 27 అంగుళాలు, 0.35 పెట్టాను. ఇప్పుడు మూడు చోట్లా తలకు తగలాల్సిన బుల్లెట్ చెవి పక్కనుంచి పోతోంది. టీమ్‌లో వాళ్లు "నీ ఎయిమ్ పోయింది" అంటున్నారు. ఏ తెరకు ఎంత సెన్స్ పెట్టుకోవాలో లెక్క చెప్పండి.
*– బీటెక్ విద్యార్థిని, వడ్డేశ్వరం*

లెక్క చెప్తానమ్మా. కాకపోతే నువ్వడిగిన లెక్క కాదు. మూడు చోట్లా 0.4 పెట్టేయ్. మార్చాల్సింది వేరే ఉంది. అదేంటో చెప్పాలంటే ముందు నా నాలుగో సిస్టం కథ వినాలి.

2003లో మొగల్రాజపురంలో నెట్ సెంటర్ పెట్టాను. ఎనిమిది సిస్టంలు. ఏడింటికి 15 అంగుళాల డబ్బా మానిటర్లు, నాలుగోదానికి మాత్రం 17. గొప్పకు కొన్నది కాదు, ఆ రోజు కొట్లో చిన్నవి ఏడే ఉన్నాయి. పగలంతా పరీక్షల రిజల్ట్స్, హాల్ టికెట్లు. సాయంత్రం ఆరు దాటితే కౌంటర్ స్ట్రైక్ 1.6. నాలుగో సిస్టం మీద కూర్చున్న ప్రతివాడిదీ ఒకటే ఫిర్యాదు: "అంకుల్, దీని మౌస్ స్పీడు ఎక్కువ." అప్పటివి బంతి మౌస్‌లు కదా, బంతి తీసి లోపలి రోలర్ల మీద పేరుకున్న మురికి గోటితో గీకాను. అదే మాట. మూడో సిస్టం మౌస్ తెచ్చి తగిలించాను. అదే మాట. రెండు సిస్టంల విండోస్ సెట్టింగులు పక్కపక్కన పెట్టుకుని ఒక్కొక్కటే సరిచూశాను. వెంట్రుకవాసి తేడా లేదు. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం విసుగొచ్చి ఆ 17 అంగుళాల మానిటర్‌ని ఎత్తుకెళ్లి ఆరో టేబుల్ మీద పెట్టాను. సాయంత్రానికి ఫిర్యాదు కూడా ఆరో టేబుల్‌కి మారిపోయింది!

మా నాన్న వన్‌టౌన్‌లో దర్జీ. టేపు మెడలో ఉంటేనే ఆయనకు ఒంటి మీద చొక్కా ఉన్నట్టు. ఆ టేపు అడిగి తెచ్చుకుని రెండు సిస్టంల మీదా కొలిచాను. ఆటలో బొమ్మ ఒక్క చుట్టు పూర్తిగా తిరగాలంటే మౌస్ బల్ల మీద ఎంత దూరం జరగాలి? రెండింటి మీదా ఒకటే కొలత. మౌస్ తప్పేం లేదు. పిల్లలు అబద్ధమూ చెప్పలేదు. పెద్ద తెర మీద బొమ్మ నిజంగానే ఎక్కువ సెంటీమీటర్లు జరుగుతుంది, కన్ను దాన్నే వేగం అనుకుంటుంది.

ఇప్పుడు నీ అంకెలకు వద్దాం. వాలరెంట్‌లో సెన్స్ 1 ఉంటే మౌస్ తను జరిగినట్టు పంపే ఒక్కో సంకేతానికి (దాన్ని 'లెక్క' అందాం) ఆట నిన్ను 0.07 డిగ్రీలు తిప్పుతుంది. 800 డీపీఐ అంటే మౌస్ ఒక అంగుళం జరిగితే 800 లెక్కలు వెళ్తాయి. నీ సెన్స్ 0.4. మూడూ గుణిస్తే అంగుళానికి 22.4 డిగ్రీలు. చుట్టూ తిరగడానికి 360 డిగ్రీలు కావాలి కాబట్టి 16 అంగుళాల పైచిలుకు, అంటే 40.8 సెం.మీ. ఈ లెక్కలో తెర సైజు ఎక్కడైనా వచ్చిందా? రాలేదు. రిజల్యూషన్ వచ్చిందా? అదీ రాలేదు.

శత్రువు తల నీ క్రాస్‌హెయిర్‌కు, అంటే తెర మధ్యలో ఉండే గురి గుర్తుకు, 10 డిగ్రీలు కుడివైపున ఉందనుకో. ల్యాప్‌టాప్ తెర మీద టేపు పెట్టి కొలిస్తే ఆ తల మధ్య నుంచి 2.4 సెం.మీ. దూరంలో ఉంటుంది. 24 అంగుళాల తెర మీద 3.7 సెం.మీ., కేఫ్‌లో 27 మీద 4.2 సెం.మీ. ఇవి వాలరెంట్‌లోని 103 డిగ్రీల చూపుకు (ఆట ఒకేసారి అడ్డంగా చూపించే కోణం) వేసిన లెక్కలు. మరి ఆ తల మీదికి వెళ్లడానికి మౌస్ ఎంత జరగాలి? మూడు చోట్లా 1.13 సెం.మీ. చెయ్యి నేర్చుకున్నది ఆ 1.13నే. నువ్వు ఇంట్లో 0.3 చేసిన రోజు అదే తలకు ఒకటిన్నర సెం.మీ. కావాల్సి వచ్చింది, చుట్టు కొలత 40.8 నుంచి 54.4కు పెరిగింది. కేఫ్‌లో 0.35 అంటే 46.7. ఒకే చేతికి వారంలో మూడు రకాల కొలతలు చెప్తే అది ఏదని గుర్తుపెట్టుకుంటుంది?

కంటి సంగతి అలాగే మిగిలిపోయింది కదా అంటావు. నిజమే. గాంధీనగర్‌లో ఏ థియేటర్‌కైనా ఆలస్యంగా వెళ్లి ముందు వరసలో ఇరుక్కున్నావా ఎప్పుడైనా? హీరో పరుగెడితే మన మెడ కూడా అతని వెంట పరుగెత్తాలి. అదే ఆట, అదే తెర, బాల్కనీలో కూర్చుంటే హాయిగా ఉంటుంది. ఇంట్లో 24 అంగుళాల ముందు నువ్వు ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నంత దగ్గరగా కూర్చుంటున్నావు. ముందు వరసలో కూర్చుని సినిమాను మెల్లగా తిప్పమంటున్నావు, అంతే.

కాబట్టి మార్చాల్సింది కుర్చీ. తెర ఎంత పెద్దదైతే అంత నిష్పత్తిలో వెనక్కి. నేను చేసే లెక్క తేలిక: అంగుళాల సైజును 2.7తో గుణిస్తే కంటికీ తెరకూ మధ్య ఉండాల్సిన సెంటీమీటర్లు. ల్యాప్‌టాప్ 42, ఇంట్లో 65, కేఫ్‌లో 73. ఆ 2.7 ఎక్కడా రాసిపెట్టి ఉన్నది కాదు. 65 సెం.మీ. నా కంటికి బాగుంది కాబట్టి అక్కడి నుంచి లాగాను. నీకు 24 ముందు 60 బాగుంటే 2.5తో గుణించుకో. మూడు చోట్లా ఒకే అంకెతో గుణించడం ముఖ్యం. అప్పుడు కంటికి మూడు తెరలూ ఒకే కోణంలో కనిపిస్తాయి, శత్రువు తల మూడు చోట్లా ఒకే సైజులో ఉన్నట్టుంటుంది.

ఇంట్లో ఇది సులువు. చిక్కంతా కేఫ్‌లోనే. అక్కడ బల్లలు ఇరుకు, వెనకవాడి కుర్చీ నీ కుర్చీకి ఆనుకుని ఉంటుంది. 73 దొరకదు, 60తో సరిపెట్టుకోవాలి. అలాంటప్పుడు మానిటర్ స్టాండును బల్ల వెనక అంచు దాకా తోసెయ్యి. ఈ పని చేసేవాళ్లు తక్కువ, చేస్తే సులువుగా ఐదారు సెం.మీ. కలిసొస్తాయి. కీబోర్డును వంకరగా పెట్టి మౌస్‌కు చోటు చేసుకో. కొన్ని 27 అంగుళాల గేమింగ్ మానిటర్లలో చుట్టూ నలుపు వదిలి మధ్యలో 24.5 అంగుళాల బొమ్మ మాత్రమే చూపించే మోడ్ ఉంటుంది, మెనూలో వెతుకు. పెద్ద టోర్నమెంట్లలో ఎక్కువగా కనిపించేవి 24, 25 అంగుళాల తెరలే. అందుకే ఆ సైజును మెనూలో పెట్టారు. ఇవేవీ కుదరకపోతే మ్యాచ్‌కు ముందు పదిహేను నిమిషాలు ఊరికే రేంజ్‌లో, అంటే ఆటలోని ప్రాక్టీసు చోట, కాల్చు. కన్ను సర్దుకుంటుంది. చేతి అలవాటును మాత్రం కదిలించకు.

నువ్వు చేసిన పనికే ఒక సిద్ధాంతం ఉంది, దాన్ని గట్టిగా నమ్మేవాళ్లూ ఉన్నారు: మౌస్ ఒక సెంటీమీటరు జరిగితే తెర మీద బొమ్మ ఇన్ని సెంటీమీటర్లే జరగాలి, తెర పెరిగితే సెన్స్ తగ్గాలి అని. వాళ్ల మాట ప్రకారం ల్యాప్‌టాప్‌లో 0.4 ఉంటే 24 మీద 0.26 పెట్టాలి. అప్పుడు వెనక్కి తిరగడానికి 20 సెం.మీ. సరిపోయేది, ఇప్పుడు 31 కావాలి. వెనక నుంచి అడుగుల చప్పుడు వినిపించింది, నువ్వు తిరుగుతున్నావు, ఇంకా తిరుగుతున్నావు... ఆ రౌండు అయిపోయింది. చిన్నచిన్న సర్దుబాట్లకు ఆ పద్ధతి బాగుందని అనిపించినా నేను మాత్రం ఎవరికీ చెప్పను.

ఇంకొక్క ఉచ్చు ఉంది, చాలామంది అక్కడే పడతారు. కేఫ్‌లో కూర్చోగానే డెస్క్‌టాప్ మీద బాణాన్ని అటూ ఇటూ తిప్పి "ఈ మౌస్ స్లో" అని తేల్చేసి డీపీఐ బటన్ నొక్కుతారు. డెస్క్‌టాప్ లెక్క వేరు. అక్కడ ఒక లెక్కకు ఒక పిక్సెల్. 800 డీపీఐతో 1920 పిక్సెళ్ల తెరను ఈ చివర నుంచి ఆ చివరకు దాటడానికి 6.1 సెం.మీ. చాలు. 2560 పిక్సెళ్ల తెరకు 8.1 కావాలి. బాణం మెల్లగా పోయినట్టు ఉంటుంది, ఆటలో మాత్రం ఏ తేడా ఉండదు. వాలరెంట్ విండోస్ పాయింటర్ స్పీడును అసలు పట్టించుకోదు. అయినా విండోస్ మౌస్ సెట్టింగుల్లో "ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్" అన్న టిక్కు తీసెయ్యి. విండోస్ వేసినప్పుడు అది దానంతట అదే ఆన్‌లో ఉంటుంది. చెయ్యి వేగంగా కదిలితే బాణాన్ని ఇంకా దూరం తోస్తుంది. పాత ఆటల్లో అది గురిని కూడా చెడగొట్టేది.

కేఫ్‌కు నీ మౌస్ నువ్వే తీసుకెళ్లు. 800 అని రాసున్న రెండు మౌస్‌లు కచ్చితంగా 800 ఉండాలని లేదు, కొద్ది శాతం అటూ ఇటూ ఉంటాయి. దాన్ని పట్టుకోవడానికి దర్జీ టేపును మించింది లేదు. రేంజ్‌లో ఏదైనా గోడ అంచు మీద క్రాస్‌హెయిర్ పెట్టు. మౌస్ ప్యాడ్ ఎడమ చివర మౌస్ పెట్టి, దాని అంచు దగ్గర ప్యాడ్ మీద చాక్‌పీస్‌తో గీత గియ్యి. ఎత్తకుండా, వంకర పోకుండా కుడివైపు జరుపు. క్రాస్‌హెయిర్ మళ్లీ అదే అంచు మీదికి రాగానే ఆపి కొలువు. 41కి కొంచెం అటూ ఇటూ వస్తే సరే. ప్యాడ్ అంత పొడుగు లేకపోతే సగం చుట్టే కొలువు, 20.4. మూడు చోట్లా ఆ కొలత ఒకటే వచ్చాక కూడా గురి తప్పితే బల్ల ఎత్తు చూడు. హాస్టల్లో మంచం మీద కూర్చుని, ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద మోచెయ్యి గాలిలో వేలాడేసి ఆడితే ఏ లెక్కా పనిచెయ్యదు. నా అనుభవంలో తెర మీద వేసిన నిందల్లో మూడో వంతు నిజానికి కుర్చీ ఎత్తువి.

అన్నా, వాలరెంట్ వదిలి కౌంటర్ స్ట్రైక్ 2కి మారాను. వాలరెంట్‌లో నా సెన్స్ 0.4. ఫ్రెండ్ మాట విని 4:3 స్ట్రెచ్డ్ పెట్టాను. అడ్డంగా తిప్పితే జారిపోతోంది, పైకీ కిందకీ మామూలుగానే ఉంది. స్నైపర్ స్కోప్ తెరిస్తే ఇంకోలా ఉంది. టెన్షన్ వచ్చేస్తోంది.
*– సత్యనారాయణపురం నుంచి ఒక పాఠకుడు*

ముందు టెన్షన్ తగ్గించుకో తమ్ముడూ, ఒక్కొక్కటే చూద్దాం.

కౌంటర్ స్ట్రైక్‌లో ఒక్కో లెక్కకు 0.022 డిగ్రీలు. వాలరెంట్‌లో 0.07. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే 3.18. కాబట్టి నీ 0.4 ఇక్కడ 1.27 అవుతుంది. చుట్టు కొలత రెండు ఆటల్లోనూ ఒకటే వస్తుంది.

స్ట్రెచ్డ్ అంటే 4:3 బొమ్మను పట్టుకుని 16:9 తెర వెడల్పుకు లాగడం. నిలువు మారదు, అడ్డం మాత్రం మూడో వంతు సాగుతుంది. గుంటూరు బ్రాడీపేటలో ఇళ్ల అడ్రసు చూశావా? లైను ఒక అంకె, అడ్డరోడ్డు ఇంకో అంకె. లైన్ల మధ్య దూరం పెంచినంత మాత్రాన అడ్డరోడ్లు జరగవు. అలాగే ఇక్కడ. శత్రువు లావుగా కనిపిస్తాడు, ఎంత లావో అంత వేగంగా కూడా కదులుతాడు. మౌస్ జరగాల్సిన దూరం మాత్రం మునుపటిదే. సెన్స్ తగ్గించకు. పైగా పక్కల నుంచి కనిపించేది తగ్గుతుంది: 16:9లో చూపు దాదాపు 106 డిగ్రీలు, 4:3లో 90. నాకైతే ఆ బేరం గిట్టుబాటు కాదు. పాత 1.6 అలవాటున్న వాళ్లు దాన్ని వదల్లేరు, వాళ్లతో నేను వాదించను.

స్కోప్ సంగతి కాస్త లోతైంది. ఏడబ్ల్యూపీ అనే స్నైపర్ తుపాకీ మొదటి జూమ్‌లో చూపు 90 నుంచి 40 డిగ్రీలకు కుంచించుకుపోతుంది. ఆట ఏం చేస్తుందంటే 40ని 90తో భాగించి, సెన్స్‌ను అంత తగ్గిస్తుంది. కానీ బొమ్మ పెద్దది కావడం డిగ్రీల నిష్పత్తిలో జరగదు, సగం కోణాల టాంజెంట్ల నిష్పత్తిలో జరుగుతుంది. ఇంటర్‌లో త్రికోణమితి చదివినవాడివైతే 20 డిగ్రీల టాంజెంట్‌ను 45 డిగ్రీల టాంజెంట్‌తో భాగించి చూడు, 0.364. ఆట ఇచ్చేది 0.444. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే 0.82 వస్తుంది. సెట్టింగుల్లో జూమ్ సెన్సిటివిటీ 1 ఉన్నచోట 0.82 పెట్టు. స్కోప్ తెరిచినా మూసినా క్రాస్‌హెయిర్ దగ్గర బొమ్మ కదిలే వేగం ఒకేలా అనిపిస్తుంది. ఇది తెర సైజును బట్టి మారదు. ల్యాప్‌టాప్ అయినా 27 అయినా అదే 0.82.

నమస్కారం. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఇంట్లో 24 అంగుళాల మానిటర్ ఉండగా 32 అంగుళాలది కొనమని నెల రోజులుగా ప్రాణం తీస్తున్నాడు. పెద్ద తెర అయితే గురి బాగా కుదురుతుందట. నిజమేనా?
*– ఒక తల్లి, పటమట*

సగం నిజం అమ్మా. అంతే దూరంలో కూర్చుంటే 32 మీద శత్రువు తల మూడో వంతు పెద్దగా కనిపిస్తుంది. మీ వాడు చెప్పని సగం ఇది: ఆ తెర వెడల్పు 71 సెం.మీ. మామూలు చదువుకునే బల్ల ముందు కూర్చుంటే మూలలో ఉన్న మ్యాప్ చూడ్డానికి తల తిప్పాలి. నా లెక్క ప్రకారం దాని ముందు 86 సెం.మీ. దూరంలో కూర్చోవాలి. మీ ఇంట్లో బల్ల గోడకు ఆనించి ఉంటే, కొలిచి చూడమనండి, అంత చోటు ఉండదు. ఇంకోటి, తక్కువ ధరలో వచ్చే 32 అంగుళాల వాటిలో ఎక్కువ 1920 పిక్సెళ్లవే. 24లో సెంటీమీటరుకు 36 పిక్సెళ్లు పడితే దీనిలో 27. దూరంగా ఉన్న తల అతుకులు వేసినట్టు కనిపిస్తుంది.

డబ్బు పెట్టాలనే ఉంటే తెర సైజు మీద కాదు, హెర్ట్జ్ మీద, అంటే తెర సెకనుకు ఎన్నిసార్లు బొమ్మ మారుస్తుందో దాని మీద, పెట్టండి. ఇప్పుడున్నది 60 హెర్ట్జ్ అయితే ఒక్కో బొమ్మ 16.7 మిల్లీసెకన్లు నిలబడుతుంది. 144 అయితే 6.9. గురికి ఆ తేడా తెలుస్తుంది. కొనే ముందు మీ కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ కార్డు సెకనుకు అన్ని బొమ్మలు ఇవ్వగలదో లేదో కొట్లో అడగండి. ఇవ్వలేకపోతే ఆ డబ్బు వృథా. కొన్నాక విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లో 144 ఎంచుకున్నాడో లేదో కూడా చూడండి. కొత్త మానిటర్ తెచ్చుకుని ఏడాది పాటు 60 మీదే ఆడినవాళ్లను నా చేత్తో నేను ముగ్గురిని బాగుచేశాను.

మీవాడి మార్కుల గురించి కూడా అడిగారు. అది ఈ శీర్షికలోకి రాదు, క్షమించాలి.

హాల్లో ఉన్న 43 అంగుళాల టీవీకి కంప్యూటర్ తగిలించి ఆడుతున్నాను. మౌస్ నీళ్లలో ఈదుతున్నట్టు ఉంది.
*– అరండల్‌పేట, గుంటూరు*

అది సైజు వల్ల కాదు, ఆలస్యం వల్ల. టీవీ బొమ్మను అందంగా చెయ్యడానికి లోపల ఏవేవో వండుతుంది, ఆ వంటకు టైం పడుతుంది. పిక్చర్ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఆన్ చెయ్యండి. మోషన్‌ను నున్నగా చేసే ఆప్షన్ ఏ పేరుతో ఉన్నా ఆపేయండి. ఆ తర్వాత తెరకు 116 సెం.మీ. దూరంలో కూర్చోండి. సోఫాలో కూర్చుని దిండు మీద మౌస్ ఆడిస్తున్నారని నా అనుమానం. పీట వేసుకోండి, గట్టి పీట.

మే నెలలో నా ఎయిమ్ వేరు, డిసెంబర్‌లో వేరు. ఇది కూడా మానిటరేనా?
*– గుణదల*

కాదు బాబూ, బెజవాడే. గుడ్డ ప్యాడ్ చెమట పీల్చుకుంటే బరువెక్కుతుంది, మణికట్టు అంటుకుంటుంది. మౌస్ కదలడానికి ఎక్కువ బలం కావాలి, అనుకున్న చోటికి ముందే ఆగిపోతుంది. నువ్వు దాన్ని సెన్స్ తగ్గిందనుకుని పెంచుతావు. ఏసీ వేసిన రోజు గురి దాటి అవతలికి పోతుంది. చేతికి బట్ట స్లీవ్ తొడుక్కో, లేదా పాత ఫుల్ హ్యాండ్స్ చొక్కా చెయ్యి కత్తిరించు. ప్యాడ్‌ను షాంపూ నీళ్లతో ఉతికి నీడలో ఆరబెట్టు. ఎండలో వేస్తే అంచులు లేస్తాయి. నేను రెండు ప్యాడ్లు ఉంచుకుని మారుస్తాను.

అంకుల్, నన్ను గుర్తుపట్టారో లేదో. 2005లో మీ సెంటర్‌లో రోజూ నాలుగో సిస్టం నాదే. ఇప్పుడు 40 దాటాయి, రాత్రి పిల్లలు పడుకున్నాక గంట ఆడతాను. చత్వారం అద్దాలు వచ్చాయి. వాటితో తెర మసక, తీసేస్తే ఇంకా మసక. దగ్గరికి జరిగితే అక్షరాలు కనిపిస్తున్నాయి గానీ గురి పోతోంది. సెన్స్ మార్చనా?
*– లబ్బీపేట*

నాలుగో సిస్టం వాళ్లు చాలామంది, కానీ 17 అంగుళాల తెర ముందు కుర్చీని గోడ దాకా జరుపుకుని కూర్చున్నవాడివి ఒక్కడివే. నేను టేపుతో కనిపెట్టింది నువ్వు అప్పటికే నడుముతో కనిపెట్టావు. ఆ కుర్చీ తగిలి నా గోడ సున్నం ఊడింది కూడా.

సెన్స్ మార్చకు. చత్వారం అద్దాలు పుస్తకానికి చేసినవి. పుస్తకం చేతికందే దూరంలో, అంటే 35, 40 సెం.మీ.లో ఉంటుంది. నీ తెర 65లో ఉంది. ఆ అద్దాలతో తెర మసకగా కనిపించడం సహజం. నువ్వేమో తెర స్పష్టంగా కనిపించేదాకా ముందుకు జరిగి, మళ్లీ థియేటర్ ముందు వరసలో కూర్చుంటున్నావు. టేపుతో కంటి నుంచి తెర దాకా కొలిచి, ఆ అంకె కాగితం మీద రాసి కళ్ల డాక్టర్‌కు ఇవ్వు. ఆ దూరానికే విడిగా ఒక జత చేయించుకో. పైన దూరం, కింద దగ్గర ఉండే ప్రోగ్రెసివ్ అద్దాలు ఆటకు ఇబ్బంది. తెర స్పష్టంగా కనిపించాలంటే గడ్డం పైకెత్తాలి, పది నిమిషాల్లో మెడ పట్టేస్తుంది. ఒకే పవరున్న అద్దాలు ఖర్చు కూడా తక్కువ.

సెంటర్ 2013లో మూసేశాను. అకౌంటు పుస్తకం మాత్రం ఉంది. నాలుగో సిస్టం మీద గంటన్నర బాకీ, 30 రూపాయలు. సున్నం సంగతి విడిగా మాట్లాడుకుందాం.